ఐదంకెల డాట్ కామ్

మా బావ దుబాయ్‌లో ఒక ధనవంతుడి ఇంట్లో డ్రైవర్‌గా పనిచేసేవాడు. బావ అంటే మా అక్క భర్త. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చిన వారంలోపే మంథని దగ్గరి తన ఊరి నుంచి పెద్దపల్లి మీదుగా బస్సు పట్టుకుని కరీంనగర్‌లో మా షాపుకు వచ్చి ఒక పూటంతా కూర్చునేవాడు. షాపంటే పెద్దదేమీ కాదు. కోర్టు వెనక సందులో చిన్న గది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను. దరఖాస్తులు నింపడం, ప్రింట్లు తీయడం, ఎప్పుడైనా ఎవరికైనా వెబ్‌సైటు చేసిపెట్టడం, అదీ నా పని.

పన్నెండేళ్ల క్రితం అలా కూర్చున్న ఒక రోజు బావ తన కఫీల్ గురించి చెప్పాడు. కఫీల్ అంటే అక్కడ పనికి పెట్టుకున్న యజమాని.

"మా కఫీల్ కారు కన్న ఆ కారు నంబరు పిరం, తెలుసా? రెండే అంకెలు. వేలంపాటల కొన్నడు. ఆ పైసలతోని మన ఊళ్లె సగం పొలాలు కొనొచ్చు."

"నంబరుకు అంత పెడతరా బావా?"

"పెడతరు. అంకెలు ఎంత తక్కువైతే అంత పిరం. ఆ బండి మీద పోతుంటే పోలీసోళ్లు గూడ జరిగి తొవ్వ ఇస్తరు. నేను తోలుతున్న అని వాళ్లకు ఎరుకనా? నంబరును చూసి ఇస్తరు."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో నవ్వుంది. నాకు మాత్రం వేరే ఆలోచన తట్టింది. అంతకు కొద్ది రోజుల ముందే ఒక కోచింగ్ సెంటర్ సారుకు వెబ్‌సైటు పేరు వెతుకుతూ వెతుకుతూ, పేర్లు అమ్మే ఒక సైటులోకి వెళ్లాను. అక్కడ ఉత్త అంకెలతో ఉన్న అడ్రసులు వరుసగా అమ్మకానికి పెట్టి ఉన్నాయి. మూడంకెల డాట్ కామ్‌లు మనం తలెత్తి కూడా చూడలేని ధరలో ఉన్నాయి. నాలుగంకెలవి వాటికింద. ఐదంకెలవి కొన్ని మనలాంటివాళ్లు గట్టిగా అనుకుంటే అందుకోగల ధరలో కనిపించాయి. చైనావాళ్లకు ఎనిమిది అంటే ఇష్టం, నాలుగు అంటే చావు గుర్తొస్తుంది, సున్నా కూడా వాళ్లకు నచ్చదు, అందుకని ఆ రెండూ లేని నంబర్లకు విలువ ఎక్కువ అని అక్కడే చదివాను.

ఇదంతా బావకు చెప్పాను. ఆయన ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా నేను ఒకటికి రెండుసార్లు చెప్పాల్సిన అవసరం రాలేదు.

"అంటే కారు నంబరు లెక్కనే. ఒకడికి ఇచ్చిన నంబరు ఇంకొకడికి దొరకదు" అన్నాడు.

"దొరకదు."

"భాష గూడ అక్కర లేదు. మనోడైనా, అరబ్బోడైనా, చైనావోడైనా అంకె అంకెనే."

ఆ మాట నన్ను పూర్తిగా పడేసింది. నేను రోజుల తరబడి చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

నాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో ఇప్పుడు ఆలోచిస్తే మా బాపు గుర్తొస్తాడు. బాపు సిరిసిల్లలో పవర్‌లూమ్ మీద పనిచేశాడు. మీటరుకింత అని కూలి. సాంచె, అంటే మగ్గం, ఆగితే కూలి ఆగేది. కరెంటు పోతే, జ్వరం వస్తే, నూలు రాకపోతే, ఆ రోజు ఇంటికి ఏమీ వచ్చేది కాదు. నా షాపూ అంతే. షట్టర్ వేస్తే రూపాయి రాదు. మనం పడుకున్నా, ఊరికి వెళ్లినా తనంతట తాను పెరిగేది ఏదో ఒకటి చేతిలో ఉండాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. భూమి కొనే స్తోమత లేదు. బంగారం అవ్వ మెడలోంచి ఎప్పుడో పోయింది. ఈ అంకెలు మాత్రం నా ఎదురుగా ఉన్న తెరమీదే ఉన్నాయి.

బావ ఇంటి స్లాబు కోసమని దాచుకున్న డబ్బులో కొంత తీశాడు. నేనూ అంతే కలిపాను. సగం సగం అనుకున్నాం. మాట మీదే అనుకున్నాం, కాగితం ఏమీ లేదు. బయటి దేశంలో ఎవరో ఒకాయన దగ్గర ఐదంకెల డాట్ కామ్ ఒకటి కొన్నాం. అందులో ఎనిమిదులు, తొమ్మిదులు, ఒక ఆరు తప్ప వేరే అంకె లేదు. ఏరి ఏరి దాన్ని చూపించింది బావే. కార్డు నాది, ఈమెయిల్ నాది కాబట్టి నా పేరు మీదే నమోదైంది. మిగిలిన డబ్బుతో నాలుగంకెల డాట్ ఇన్‌లు మూడు తీసుకున్నాను.

బావ దుబాయ్ వెళ్లిపోయాక నేను ఆగలేదు. అప్పుడే కొత్త కొత్త ఎక్స్‌టెన్షన్లు వస్తున్నాయి. ఎక్స్‌టెన్షన్ అంటే అడ్రసు చివర చుక్క తర్వాత వచ్చే ముక్క. డాట్ కామ్ పాతది, అందరికీ తెలిసింది. కొత్తవి వందల్లో వచ్చాయి. క్లబ్బు పేరుతో ఒకటి, దుకాణం పేరుతో ఒకటి, అర్థం లేని మూడు అక్షరాలతో ఒకటి. మొదటి ఏడాది చాయ్ ఖర్చుకు దొరికేవి. డాట్ కామ్‌లో కలలో కూడా దొరకని నంబరు ఇక్కడ దొరుకుతోంది కదా అని ఎగబడి కొన్నాను. రెండేళ్లలో నా దగ్గర నలభై దాకా పోగయ్యాయి. నా భార్య ఒకసారి ఆ జాబితా చూసి, "ఇవన్నీ ఏం చేస్తయి?" అని అడిగింది. "ఏం చెయ్యవు. ఉంటయి" అన్నాను. ఆమె పిల్లల స్కూలు బ్యాగు జిప్పు కుట్టుకుంటూ కూర్చుంది.

తర్వాత ఒక ఏడాది గాలి వీచింది. చైనా నుంచి కొనేవాళ్లు ఒక్కసారిగా దిగారు. అంకెల పేర్లు ధర చూడకుండా కొంటున్నారని ఎక్కడ చూసినా అదే మాట. పొద్దున షట్టర్ తీసి కంప్యూటర్ పెట్టగానే "మీ పేరు అమ్ముతారా" అని ఉత్తరాలు. అన్నీ ఆ డాట్ కామ్ గురించే. మొదట లక్షన్నర అన్నారు. తర్వాత మూడు. తర్వాత నాలుగు. ఒక గురువారం పొద్దున ఒక దళారి రాసిన ఉత్తరంలో డాలర్లలో ఒక అంకె ఉంది. దాన్ని రూపాయల్లోకి మార్చి చూస్తే పది లక్షలకు కొంచెం ఎక్కువ. ఊరికే అడిగిన ధర కాదు. ఒప్పుకుంటే డబ్బు మధ్యవర్తి దగ్గర పెడతామని, మూడు రోజుల్లో చెప్పమని రాశాడు.

ఆ రోజు ఇన్‌కమ్ సర్టిఫికెట్ దరఖాస్తుల కోసం పిల్లలు వరుస కట్టి ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరికి పేరు, తండ్రి పేరు, ఊరు కొడుతున్నాను. చేతులు ఆ పని చేస్తున్నాయి కానీ బుర్రలో వేరే లెక్క నడుస్తోంది. నిన్న నాలుగు ఉన్నది ఇవాళ పది అయింది. దసరా దాకా ఆగితే పదిహేను, ఇరవై కాదని ఎవరు చెప్పగలరు?

శుక్రవారం బావకు సెలవు. ఆ రోజు ఫోన్ చేశాడు.

"ఏమన్న ధర వచ్చిందా బామ్మర్దీ?"

"వస్తున్నయి బావా."

"ఎంత దాక పోయింది?"

నేను నాలుగు లక్షలన్నాను.

ఇది నేను ఎవరికీ చెప్పుకోని సంగతి, చాలా ఏళ్లు. పది అని చెబితే బావ వెంటనే అమ్మేయమంటాడని నాకు తెలుసు. తన వంతుకు ఐదు లక్షలు వస్తే దుబాయ్ నుంచి వచ్చేస్తానని ఆయన అంతకుముందు సెలవులోనే అన్నాడు. స్లాబు పడుతుంది, పొలంలో బోరు పడుతుంది, ఇక చాలు అన్నాడు. అందుకే తగ్గించి చెప్పాను. ఆయన్ను మోసం చేసి ఆ డబ్బు నేను తినాలని కాదు. రేపు ఇరవై తెచ్చి చేతిలో పెడితే ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను. అలా అనుకోవడం అప్పుడు నాకు చాలా న్యాయంగా తోచింది.

"నాలుగంటే తక్కువేం కాదు గదా. ఇచ్చేద్దామా?" అన్నాడు బావ.

"జర ఆగుదాం బావా. ఇంకా పెరుగుతది."

అవతల ఎవరో హిందీలో పిలుస్తున్నారు. "సరే, నీకు ఎరుకున్నది గదా. నువ్వెట్లంటే అట్ల" అని పెట్టేశాడు.

మూడు రోజులు దాటాయి. దళారికి ఇరవై అడుగుతూ రాశాను. జవాబు రాలేదు. దసరా వచ్చేలోపే గాలి పడిపోయింది. ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. కొనేవాళ్లు అందరూ ఒకరికొకరు అమ్ముకుంటూ పోయి, చివరికి కొనేవాడు లేక ఆగిపోయారని ఎవరో రాశారు. నాలుగు అడిగినవాళ్లకు రాశాను. మూడు అడిగినవాళ్లకు రాశాను. వాళ్లూ మాట్లాడలేదు.

బావకు మాత్రం, "కొంచెం తగ్గింది, మళ్లీ లేస్తది" అన్నాను. "అట్లనా" అన్నాడు. ఆ తర్వాత ఆయన నంబర్ల గురించి అడగడం తగ్గించాడు. అడిగితే నేను ఇబ్బంది పడతానని కాబోలు.

ఇక అక్కడి నుంచి ఏడేళ్లు నేను చేసిందల్లా రెన్యువల్ కట్టడం. ఈ పేర్లు ఒకసారి కొంటే మనవైపోవు. ఏడాదికోసారి కడుతూ ఉండాలి. కట్టడం ఆపితే కొన్నాళ్లు గడువిస్తారు, తర్వాత జరిమానాతో అడుగుతారు, ఆ తర్వాత మార్కెట్లోకి వదిలేస్తారు, ఎవరైనా తీసుకోవచ్చు. చాయ్ ఖర్చుకు దొరికిన కొత్త ఎక్స్‌టెన్షన్లు రెండో ఏడాది అసలు ధర అడిగాయి. కొన్నింటికి మూడంకెల నంబరు అన్న ఒక్క కారణంతో పదింతలు వేశారు. అప్పుడు అర్థమైంది, నంబరు ఒకటే అయినా తోక మారితే లోకం మారిపోతుందని. డాట్ కామ్ వెనక ఉన్న ఐదంకెలకు ఎంతో కొంత అడిగేవాడు ఉంటాడు. అదే ఐదంకెలు డాట్ నెట్‌లో ఉంటే అందులో పదో వంతు అడుగుతాడు. డాట్ ఇన్‌లో ఉంటే మన దేశంలోనే ఎవడికో ఆ నంబరుతో పనిపడాలి. కొత్తవాటిలో మూడంకెలు ఉన్నా, రెండంకెలు ఉన్నా, అడిగేవాడే లేడు. చిన్న నంబరు దొరికిందని మురిసిపోయాను కానీ, అది ఎందుకు నా దాకా మిగిలిందో ఆలోచించలేదు.

షాపులో కూడా పని పలచబడింది. పరీక్ష ఫలితాలు, దరఖాస్తులు అన్నీ పిల్లలు ఫోన్లలోనే చూసుకుంటున్నారు. జిరాక్స్‌కు మాత్రం వస్తారు. నెలలో మూడు నాలుగుసార్లు "మీ పేరు గడువు ముగియబోతోంది" అని ఉత్తరం. ప్రతిసారీ అదే తూకం. కట్టాలా, వదలాలా? వదిలిన మర్నాడే ఎవడైనా వచ్చి అడిగితే? ఈ భయంతో కట్టేవాణ్ని. కట్టాక ఎందుకు కట్టానా అనుకునేవాణ్ని. ఒక్కోటీ వదులుకుంటూ వస్తే నలభై కాస్తా పది అయ్యాయి. వదిలిన వాటిలో ఒక్కదాన్నీ ఎవరూ తీసుకోలేదు. అప్పుడప్పుడు వెతికి చూసేవాణ్ని. ఖాళీగానే ఉండేవి. ఎవరైనా తీసుకుని ఉంటే బాగుండుననిపించేది, నష్టమైనా సరే.

ఐదేళ్ల క్రితం అనుకుంటా, ఒక లారీ డ్రైవర్ కాగితాలు జిరాక్స్ తీయించుకుంటూ భైంసాలో ఒక పత్తి వ్యాపారి సంగతి చెప్పాడు. ఆయన బండ్లన్నింటికీ ఒకటే నంబరట. కారు, జీపు, రెండు లారీలు, కొడుకు మోటారు సైకిలు, అన్నీ. రవాణా ఆఫీసు వేలంపాటలో ఎంతకైనా పాడి అదే నంబరు తీసుకుంటాడట. నంబరెంతో అడిగితే చెప్పాడు. ఆ నాలుగంకెలు డాట్ ఇన్‌లో నా దగ్గరున్నాయి.

వారం తిరగకుండానే బయల్దేరాను. నిర్మల్‌లో దిగి బస్సు మారాలి. బస్టాండులో కొయ్యబొమ్మలు అమ్మే దుకాణం ముందు నిలబడి, బేరం ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతదాకా దిగాలి అని లెక్క వేసుకున్నాను. పత్తి దిగే కాలం. భైంసా దారంతా ట్రాలీల నుంచి ఎగిరిన దూది ముళ్లకంపలకు చిక్కుకుని ఉంది.

వ్యాపారి అరవై ఏళ్ల మనిషి. తెల్ల ధోవతి, తల మీద టోపీ. మరాఠీ కలిసిన తెలుగు. లోపల గద్దె మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"అంటే నా నంబరు నీ దగ్గర ఉన్నది" అన్నాడు.

"అవును సేటూ. డాట్ ఇన్. దేశం మొత్తానికి అది ఒక్కటే."

"చూపించు."

ఫోన్లో ఆ అడ్రసు కొట్టి చూపించాను. తెల్లటి పేజీ, దాని మీద "ఈ పేరు అమ్మకానికి ఉంది" అని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు.

"గిది తీస్కుంటే నాదే అయితది? నా పిల్లలది అయితది?"

"ఏడాదికోసారి కొంచెం కట్టాలి సేటూ."

"ఎన్ని ఏండ్లు?"

"ఉంచుకున్నన్ని ఏండ్లు."

ఆయన ఫోను నా చేతికిచ్చాడు. "అరే భావూ, కిరాయి ఇల్లు తీస్కొచ్చి నాకు అమ్ముతున్నవు."

భావూ అని తమ్ముణ్ని పిలిచినట్టు పిలిచాడు, కోపంగా అనలేదు. సరుకు చూసి ధర చెప్పినట్టు అన్నాడు. నేను పేరు విలువ గురించి, వ్యాపారానికి వెబ్‌సైటు గురించి, రేపటి కాలం గురించి చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తాడు.

"కారుకు నంబరు పెడితే తొవ్వల పోయేటోడు చూస్తడు, సేటు పోతుండని అంటడు. గిది ఎవడు చూస్తడు? ఎవడన్న చూడాలంటే ముందుగాల నాకు అక్కడ దుకాణం ఉండాలె. నువ్వు దుకాణం లేకుండ బోర్డు రాయించి ఊరూరు తిరుగుతున్నవు. ఎన్నేండ్ల సంది తిరుగుతున్నవు?"

ఏడేళ్లు అని చెప్పడానికి నోరు రాలేదు. "రెండేండ్లు" అన్నాను.

నా ముఖం చూసి ఏమనుకున్నాడో, భోజనం చేసి వెళ్లమన్నాడు. జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిర్చి తొక్కు పెట్టించాడు. ఆ ఇంట్లో ఆయన తిన్నట్టే నేనూ తిన్నాను. బయటికి వచ్చేటప్పుడు వాకిట్లో ఆయన బండ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నింటి మీదా అదే నంబరు. తిరుగు బస్సులో నిర్మల్ దాకా కూర్చోవడానికి చోటు దొరకలేదు.

మూడేళ్ల క్రితం బావ మొత్తానికే వచ్చేశాడు. వచ్చేశాడు అనడం కంటే పంపించేశారు అనాలి. షుగరు ముదిరి కుడికాలికి పుండు పడింది. అక్కడే రెండు వేళ్లు తీసేశారు. కారు తోలలేని డ్రైవర్ ఎవరికి కావాలి? టికెట్ కొనిచ్చి ఎక్కించారు.

చూడటానికి మంథని దగ్గరి వాళ్ల ఊరికి వెళ్లాను. అక్క వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతోంది. "వచ్చినవా తమ్మీ. బావ పొలం కాడున్నడు, ఇంట్ల కూసుంటే మనసున పడ్తలేదట" అంది. పొలానికి వెళ్లాను. వరి పొట్ట మీద ఉంది. బావ గట్టు మీద గోనెసంచి పరుచుకుని, కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్నాడు. పక్కనే చేతికర్ర. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆయనే అడిగాడు. "మన నంబర్ల సంగతేంది బామ్మర్దీ? ఉన్నయా?"

"డాట్ కామ్ ఉంది బావా. ఇంకో నాలుగున్నయి. తక్కినవి పోయినయి."

"పోతే పోనీ. నువ్వు పరేషాన్ కాకు. అదృష్టం లేదు."

అదృష్టం అన్న మాట నేను భరించలేకపోయాను. నా తప్పును ఆయన అదృష్టం మీద వేసుకుంటున్నాడు. అప్పుడు చెప్పేశాను. ఆ ఏడాది వచ్చింది నాలుగు లక్షలు కాదని, పది అని. చెబితే అమ్మేయమంటావని దాచానని.

బావ నా వైపు చూడలేదు. మడిలోకి చూస్తూ ఉన్నాడు. "పది అంటే నాకు ఐదు" అన్నాడు.

"అవును."

"ఏడాదికి లక్ష మిగిల్చేటోన్ని, అన్నం పొదుపు చేస్కుంట." ఆగాడు. "ఐదేండ్లు. ఐదేండ్లు ముందుగాలనే వచ్చేటోన్ని."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిడితే నాకు సులువయ్యేది. కర్ర అందుకుని మెల్లగా లేచి, కుంటుకుంటూ పక్క మడికి నీళ్లు మళ్లించడానికి వెళ్లాడు. నేను చేస్తానని లేచాను. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. కట్టు తడవకుండా ఒంటికాలి మీద ఆనుకుని పారతో మట్టి తీస్తుంటే, నేను గట్టు మీద నిలబడి చూశాను. ఆ ఐదేళ్లలోనే ఆయన కాలికి పుండు పడింది. ఆ సంగతి ఆయన అనలేదు. నేనూ అనలేదు.

ఇంటికొచ్చాక అక్క ఇద్దరికీ కలిపి అన్నం పెట్టింది. బావ నా కంచంలో కూర తక్కువైందని చూసి గిన్నె నా వైపు జరిపాడు. నేను బస్సుకు లేస్తుంటే గుమ్మంలోంచి ఒక మాట అన్నాడు.

"ఎంతొస్తే అంతకు అమ్మెయ్. ఇంక ఉంచకు."

అమ్మడానికి ఎనిమిది నెలలు పట్టింది. చివరికి ఒక దళారి ద్వారా లక్షన్నరకు కొంచెం పైన వచ్చింది. డబ్బు మధ్యవర్తి దగ్గర పడ్డాక పేరు బదిలీ చేసే కోడ్ పంపాలి. పది అక్షరాల కోడ్. పంపడానికి ఒక నిమిషం పట్టలేదు. నా జాబితాలో పైనున్న వరుస మాయమైంది. సంతోషమూ లేదు, బాధా లేదు. షట్టర్ దించి ఇంటికి వెళ్లి మధ్యాహ్నమే పడుకున్నాను. నా భార్య జ్వరమా అని నుదురు పట్టుకుని చూసింది. ఆమెకు అన్నీ చెప్పింది అప్పుడే. విని, "మొత్తం వాళ్లకే పంపుండ్రి, సగం గాదు" అంది. నేనూ అదే అనుకున్నాను. ఆ మాట నాకంటే ముందు ఆమె అనడం నాకు కొంచెం ఊరటనిచ్చింది.

డబ్బు అక్క ఖాతాకు పంపాను. అందిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. బావకు ఇమ్మంటే, "బయటికి పోయిండు" అంది. పోలేదని నాకు తెలుసు. వెనక ఆయన దగ్గు వినపడుతోంది.

దాదాపు ఏడాది ఆయన నాతో మాట్లాడలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే తలూపేవాడు. నేను వెంటపడలేదు. మిగిలిన నాలుగు పేర్ల ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. రెండింటికి కట్టలేదు. రెండింటికి, ఎందుకో చెప్పలేను, కట్టాను.

మొన్న వానాకాలం చివర్లో బావ కాలు చూపించుకోవడానికి కరీంనగర్ ఆస్పత్రికి వచ్చి, అక్కడి నుంచి ఎవరికీ చెప్పకుండా షాపుకు వచ్చాడు. మెట్టు ఎక్కడం కష్టమైతే వెళ్లి చెయ్యిపట్టి ఎక్కించాను. కుర్చీలో కూర్చుని, జిరాక్స్ మిషను మీద దుమ్ము చూసి, "గిరాకీ లేదా?" అన్నాడు.

"ఇంతే బావా."

చాయ్ చెప్పాను, చక్కెర లేకుండా. తాగాక అడిగాడు. "దాన్ని ఎవలు కొన్నరు?"

"తెల్వదు బావా. పేరు దాచుకుంటరు."

"ఏం చేస్తున్నరు దానితోని? చూడరాదా?"

అమ్మిన తర్వాత నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన ఎదుటే కొట్టాను. తెర నిండా ఎర్రటి వెలుగులు, తిరుగుతున్న చక్రాలు, పేక ముక్కలు, మాకు రాని లిపిలో రాతలు. జూదం సైటు. మూల ఒకచోట అంకెలు గిర్రున మారుతున్నాయి, ఎవరో ఎక్కడో గెలుస్తున్నట్టు.

బావ కాసేపు చూశాడు. "బంద్ చెయ్" అన్నాడు.

మూసేశాను.

"డాక్టర్ ఏమన్నడు?" అని అడిగాను.

"పుండు మానిందట. చెప్పులు మార్చుమన్నడు. మెత్తటివి."

బస్టాండుకు వెళ్లే దారిలో చెప్పుల దుకాణంలో ఆగాం. రెండు వేళ్లు లేని కాలికి ఏదీ సరిగ్గా కుదరలేదు. చివరికి ఒక సైజు పెద్దది, వెనక పట్టీ ఉన్నది తీసుకున్నాం. డబ్బులు నేనిస్తానంటే వద్దనలేదు. ఆ ఒక్కదానికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయన చూడకుండా తల తిప్పుకున్నాను. పెద్దపల్లి బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గర సీటు చూసి కూర్చోబెట్టాను.

"కోతలు వచ్చే నెలల. ఒకసారి వచ్చిపో. మీ అక్క అడుగుతుంది" అన్నాడు.

వస్తానన్నాను. బస్సు వెళ్లాక తిరిగి షాపుకు నడిచాను. ఇద్దరు జిరాక్స్ కోసం మెట్ల మీద ఎదురుచూస్తున్నారు.